నట్ నుంచి బ్రిడ్జి దాకా: ఇంట్లో ఎలక్ట్రిక్ గిటార్ చేసుకోవడం

(గిటార్ తయారీ కొత్తగా మొదలుపెట్టాలనుకునే వాళ్ళ కోసం ఇచ్చిన ప్రసంగం, ఆ తర్వాత జరిగిన ప్రశ్నోత్తరాలు)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్ళకి వినపడుతోందా? సరే, మొదలుపెడదాం.

ముందు ఒక కొలత చెప్తాను, రాసుకోండి: 648 మిల్లీమీటర్లు. అంగుళాల్లో 25.5. ఫెండర్ కంపెనీ గిటార్లలో నట్ (నెక్ చివర తీగలు ఆనే గాట్ల పట్టీ) దగ్గర నుంచి బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే భాగం) దాకా మోగే తీగ పొడవు ఇది, దీన్ని స్కేల్ లెంగ్త్ అంటారు. గిబ్సన్ వాళ్ళది కాస్త తక్కువ, 24.75 అంగుళాలు. ఈ సాయంత్రం నేను మాట్లాడేదంతా దాదాపు ఈ రెండు చివర్ల మధ్యే తిరుగుతుంది. ఎందుకంటే ఇంట్లో గిటార్ చేద్దామనుకునే వాళ్ళతో మాట్లాడినప్పుడల్లా నాకు ఒకటే కనిపిస్తుంది: ఏ చెక్క వాడాలి, ఏ రంగు వేయాలి, ఏ షేపు బాగుంటుంది అని నెలలు గడిపేస్తారు, నెక్, అంటే చేత్తో పట్టుకునే పొడవాటి భాగం, నిటారుగా ఉందా లేదా అన్నది మాత్రం తీగలు బిగించాక చూస్తారు, అప్పటికి చేయగలిగింది తక్కువ. బాడీ మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండి, నేనేమీ అనను. కానీ తీగ నడిచే దారి ఉందే, నట్, నెక్ పైన అంటించే ఫ్రెట్‌బోర్డు పలక, దాని మీద లోహపు మెట్లయిన ఫ్రెట్లు, నెక్ వచ్చి బాడీలో కూర్చునే గుంట, బ్రిడ్జి, అక్కడ అర మిల్లీమీటరు తేడా కూడా వదలొద్దు. మొదటి గిటార్‌కి మీ దగ్గరున్న ఓపిక, డబ్బు, మంచి పనిముట్లు అన్నీ అక్కడే ఖర్చు పెట్టండి.

కొత్తవాళ్ళని ఎలక్ట్రిక్ గిటార్‌తోనే ఎందుకు మొదలుపెట్టమంటాను? అకౌస్టిక్ గిటార్ పై పలక మందం 3 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అంత పల్చటి పలక తీగల లాగుడు మొత్తం తట్టుకోవాలి, దాంతోపాటు స్వేచ్ఛగా కంపించాలి కూడా. లోపల బద్దెలు ఎక్కడ అంటించాలి, ఎంత చెక్కాలి అన్నది చేతికి రావడానికి ఏళ్ళు పడుతుంది, పక్క చెక్కల్ని వేడి చేసి వంచడం ఇంకో విద్య. ఎలక్ట్రిక్‌లో బాడీ మీద ఆ బరువు లేదు. తీగల కింద పికప్ అనే భాగం ఉంటుంది, దాంట్లో అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ వేల చుట్లు ఉంటాయి. ఆ అయస్కాంతం పైనున్న ఉక్కు తీగని కూడా కాస్త అయస్కాంతంగా మారుస్తుంది, తీగ ఊగినప్పుడు కాయిల్ గుండా వెళ్ళే అయస్కాంత క్షేత్రం మారుతుంది, కాయిల్‌లో చిన్న వోల్టేజి పుడుతుంది. ఇంటర్‌లో ఫారడే నియమం చదివారు కదా, అదే ఇది. ఆ వోల్టేజిని ఆంప్లిఫయర్ పెంచుతుంది. కాబట్టి బాడీ గట్టిగా ఉండి బ్రిడ్జిని, నెక్‌ని కదలకుండా పట్టుకుంటే దాని ముఖ్యమైన పని అయిపోయినట్టే.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు, ఎలక్ట్రిక్ గిటార్ చరిత్ర మొదటి నుంచీ చెప్తున్నది ఇదే. 1930ల మొదట్లో అమెరికాలో జార్జ్ బోషాంప్, అడాల్ఫ్ రికెన్‌బాకర్ అమ్మకానికి తెచ్చిన ఎలక్ట్రిక్ గిటార్ అల్యూమినియం పోతతో చేసింది, చెక్క కానే కాదు. గుండ్రటి బాడీ, పొడవాటి నెక్ చూసి జనం దాన్ని ఫ్రయింగ్ పాన్ అన్నారు. తర్వాత పదేళ్ళకి గిటారిస్టు లెస్ పాల్ న్యూయార్క్‌లో ఎపిఫోన్ ఫ్యాక్టరీలో సెలవు రోజుల్లో కూర్చుని, నాలుగు అంగుళాల చదరపు పైన్ దుంగ ఒకటి తీసుకుని దానికి నెక్, పికప్‌లు, బ్రిడ్జి బిగించాడు. శబ్దం బాగానే వచ్చింది కానీ చూసేవాళ్ళకి అది గిటార్‌లా కనపడలేదు, అందుకని ఒక మామూలు గిటార్ బాడీని రెండుగా కోసి దుంగకి అటొకటి ఇటొకటి తగిలించాడు. అంటే ఆ రెక్కలు కంటి కోసం, మోగేది మధ్యలో దుంగ. ఇక లియో ఫెండర్ కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు రిపేరు చేసుకునే మనిషి, ఆయనకి గిటార్ వాయించడం రాదు. 1950లో ఆయన తెచ్చిన గిటార్, ఏడాది తిరక్కుండానే టెలికాస్టర్ అని పేరు మారింది, దాంట్లో నెక్ వేరే, బాడీ వేరే చేసి నాలుగు స్క్రూలతో కలిపాడు. మనలాంటి వాళ్ళకి ఇంతకన్నా మేలు చేసిన డిజైన్ ఇంకోటి లేదు. నెక్ సరిగ్గా రాకపోతే నెక్ ఒక్కటే మళ్ళీ చేసుకోవచ్చు. గిటార్ మొత్తం పారేయక్కర్లేదు.

ఇంట్లో చేసిన గిటార్ల గురించి మాట్లాడుతూ బ్రయన్ మే గురించి చెప్పకుండా ఉండలేను. క్వీన్ బ్యాండు గిటారిస్టు. 1963లో, పదహారేళ్ళ వయసులో, లండన్ శివార్లలో ఇంట్లోనే వాళ్ళ నాన్న హెరాల్డ్‌తో కలిసి గిటార్ మొదలుపెట్టాడు, పూర్తి కావడానికి సుమారు రెండేళ్ళు పట్టింది. నెక్‌కి వాడింది ఒక పాత ఫైర్‌ప్లేస్ నుంచి తీసిన మహాగని చెక్క, దాంట్లో పురుగు తొలిచిన రంధ్రాల్ని అగ్గిపుల్లలతో పూడ్చారు. బాడీలో పాత టేబుల్ ఓక్ చెక్క, చెక్క ముక్కలు అతికించి చేసే బ్లాక్‌బోర్డు పలక (బడిలో నల్లబల్ల కాదు) ఉన్నాయి. తీగల్ని వదులు చేసి శ్రుతిని ఊపే ట్రెమలోలో పాత మోటార్ సైకిల్ వాల్వ్ స్ప్రింగులు. ఫ్రెట్‌బోర్డు మీద చుక్కలకి వాళ్ళమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపు చిప్ప గుండీలు. నాకు ఇక్కడ ముఖ్యంగా నచ్చేది వేరే ఉంది. పికప్‌లు కూడా మొదట తనే చుట్టుకున్నాడు, కానీ తీగని పక్కకి లాగినప్పుడు వాటితో తనకి నచ్చని శబ్దం వచ్చింది, వెంటనే వెళ్ళి బర్న్స్ కంపెనీ పికప్‌లు కొనుక్కొచ్చి పెట్టాడు. అన్నీ నేనే చేయాలన్న పంతం లేదు. ఏది బాగా చేయగలమో అది చేయడం, మిగతాది కొనుక్కోవడం. 2002లో బకింగ్‌హామ్ ప్యాలెస్ పైకప్పు మీద నిలబడి వాయించింది కూడా ఈ గిటార్‌తోనే.

మనకి ఫైర్‌ప్లేసులు లేవు, పాత ఇళ్ళున్నాయి. మండువా లోగిళ్ళు, పెంకుటిళ్ళు కూల్చినప్పుడు వచ్చే దూలాలు, ద్వారబంధాలు, తలుపులు పాత కలప అమ్మేచోట దొరుకుతాయి, చాలావరకు టేకు. పదుల ఏళ్ళు ఇంట్లో ఉండి ఆరిన చెక్క అది. కొత్తగా కోసిన చెక్కని డిపోలో కొంటే ఎంత ఆరిందో చెప్పడం కష్టం. వంటింటి తూకం ఒకటి పెట్టుకుని చెక్కని నీడలో ఉంచి వారం వారం తూచండి, బరువు తగ్గడం ఆగేదాకా ఉలి పెట్టొద్దు. పాత చెక్కలో మేకులు విరిగి లోపల ఉండిపోతాయి, కాబట్టి రంపం పెట్టే ముందు అయస్కాంతంతో ప్రతి అంగుళం వెతకండి, చెక్కని తొలిచే మెషిను, రౌటర్ అంటారు, దాని బ్లేడు మేకుకి తగిలితే ప్రమాదం.

టేకు గురించి రెండు మాటలు. దాంట్లో సహజంగా నూనె ఉంటుంది, జిగురు సరిగ్గా పట్టదు, అందుకని అతికించే ముందే ఆ ముఖాన్ని మళ్ళీ చిత్రిక పట్టి అసిటోన్‌తో తుడిచి వెంటనే జిగురు రాయాలి. బరువు కూడా ఎక్కువే, 45 మిల్లీమీటర్ల మందం బాడీ చేస్తే బాడీ ఒక్కటే మూడు కిలోల దగ్గరికి వెళ్తుంది. లోపల గదుల్లా తొలిచి పైన పల్చటి పలక మూసేస్తే తగ్గుతుంది, బ్రిడ్జి కింద, నెక్ గుంట దగ్గర మాత్రం చెక్క నిండుగా ఉండాలి. పనస కూడా మంచి చెక్కే. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేది పనసతోనే, నున్నగా తేలుతుంది, పసుపు రంగు మెల్లగా ముదిరి గోధుమ రంగులోకి వస్తుంది. వేప, మామిడి కూడా బాడీకి పనికొస్తాయి. వేప వృక్షశాస్త్రం లెక్కన మహాగని కుటుంబమే. ఫ్రెట్‌బోర్డుకి రోజ్‌వుడ్, మన వాళ్ళు ఇరుగుడు అనీ జిట్టేగి అనీ అంటారు, ప్రపంచంలో ఎన్నో గిటార్ల ఫ్రెట్‌బోర్డులు మన దేశపు రోజ్‌వుడ్‌తోనే చేస్తారు. బిల్లు ఇచ్చే చోటే కొనండి. దాని పొడి చర్మానికి, ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఆ మాటకొస్తే ఏ చెక్క పొడీ మంచిది కాదు, చెక్క పొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చింది. ఎన్95 మాస్కు లేకుండా ఉప్పు కాగితం పట్టుకోవద్దు, ఇది నేను చాలా గట్టిగా చెప్తున్నాను.

ఇక పని. చెక్క కోసే ముందు బ్రిడ్జి, తీగలు బిగించే ట్యూనర్లు, పికప్‌లు, నెక్ లోపల పెట్టే ట్రస్ రాడ్ కడ్డీ, ఫ్రెట్ వైరు అన్నీ కొని చేతిలో పెట్టుకోండి. వెబ్‌సైట్‌లో ఇచ్చిన కొలత ఒకటుంటుంది, చేతికొచ్చిన వస్తువు ఇంకో రకంగా ఉంటుంది. అవన్నీ దగ్గర పెట్టుకుని, పెద్ద డ్రాయింగ్ షీటు మీద గిటార్‌ని అసలు సైజులో గీయండి, పైనుంచి ఒక బొమ్మ, పక్కనుంచి ఒక బొమ్మ. పక్కనుంచి గీసిన బొమ్మే అసలైనది, దాన్ని ఎక్కువమంది గీయరు. నెక్ మడమ (బాడీ గుంటలో కూర్చునే చివర) దగ్గర మందం 25 మిల్లీమీటర్లు, బాడీలో గుంట లోతు 16 అనుకోండి. ఫ్రెట్‌బోర్డు పైభాగం బాడీ కన్నా 9 మిల్లీమీటర్లు పైకి వస్తుంది. దాని మీద ఫ్రెట్ ఎత్తు మిల్లీమీటరు పైచిలుకు, ఆ పైన తీగ ఇంకో మిల్లీమీటరున్నరో రెండో ఎత్తులో పోవాలి. అంటే బ్రిడ్జి మీద తీగ బాడీ నుంచి 12, 13 మిల్లీమీటర్ల ఎత్తులో కూర్చోవాలి. మీరు కొన్న బ్రిడ్జి ఆ ఎత్తుకి వస్తుందా? టెలికాస్టర్ తరహా బ్రిడ్జి అయితే వస్తుంది. గిబ్సన్ తరహా ట్యూనోమాటిక్ బ్రిడ్జి ఎత్తు ఎక్కువ, దానికి నెక్‌ని రెండు మూడు డిగ్రీలు వెనక్కి వంచాలి, ఆ కోణం గుంటలో కచ్చితంగా తొలవడం మొదటిసారే పెట్టుకోవద్దు. కదలని బ్రిడ్జి, వంపు లేని గుంట, వెనక్కి వాలని హెడ్‌స్టాక్, అంటే ట్యూనర్లుండే నెక్ కొన. మొదటి గిటార్‌కి ఈ మూడూ చాలు.

ఇప్పుడు ఫ్రెట్లు, నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. లెక్క సులువు. ఒక స్థాయిలో 12 స్వరస్థానాలు, స్థాయి పూర్తయ్యేసరికి తీగ పొడవు సగమవ్వాలి, ప్రతి మెట్టుకీ ఒకే నిష్పత్తిలో తగ్గుతూ రావాలి. మిగిలిన తీగ పొడవుని ప్రతిసారీ 17.817తో భాగించండి, తర్వాతి ఫ్రెట్ దూరం వస్తుంది. 648ని భాగిస్తే 36.37, అది నట్ నుంచి మొదటి ఫ్రెట్. మిగిలింది 611.63, దాన్ని మళ్ళీ భాగిస్తే 34.33, రెండో ఫ్రెట్ నట్ నుంచి 70.70 దగ్గర. ఇలా పోతే పన్నెండోది కచ్చితంగా 324 దగ్గర, సగంలో వచ్చి కూర్చుంటుంది, రాకపోతే లెక్కలో ఎక్కడో తేడా ఉన్నట్టు. గుర్తులు పెట్టేటప్పుడు మాత్రం ప్రతి ఫ్రెట్‌నీ నట్ దగ్గర నుంచే కొలవాలి. ఒక ఫ్రెట్ నుంచి ఇంకో ఫ్రెట్‌కి కొలుచుకుంటూ పోతే ప్రతిచోటా వచ్చే చిన్న తేడాలన్నీ కలిసి పైన పెద్దవవుతాయి. ఆ పైన తప్పుకి సహనం కూడా తక్కువ: మొదటి ఫ్రెట్ దగ్గర ఒక అర్ధస్వరానికి 36 మిల్లీమీటర్ల చోటుంది, ఇరవయ్యో ఫ్రెట్ దగ్గర 12 మాత్రమే. అదే అర మిల్లీమీటరు తేడా మొదట్లో చెవికి తెలియకపోవచ్చు, ఇరవయ్యో ఫ్రెట్ దగ్గర మూడింతలవుతుంది.

వీణ తెలిసిన వాళ్ళు ఇక్కడ ఉంటే ఈ తేడా గమనించండి. వీణకి 24 ఇత్తడి మెట్లు మైనం మీద కూర్చోబెడతారు, చెవితో విని సర్దుతారు, కొన్నేళ్ళకి మైనం మార్చి మళ్ళీ మేళం కట్టిస్తారు. గిటార్‌లో ఫ్రెట్ కోసం చెక్కలో గాటు పెడతాం, గాటు పడ్డాక జరపడం ఉండదు. అందుకే నా సలహా, మొదటి గిటార్‌కి గాట్లు కోసి అమ్మే ఫ్రెట్‌బోర్డు కొనండి. అది మీ చేతిపనికి తక్కువ కాదు, దాని చుట్టూ చేయాల్సింది ఇంకా బోలెడుంది. మీరే కోస్తానంటే గాటు వెడల్పు ఫ్రెట్ వైరు కాడకి సరిపోయేలా, 0.58 మిల్లీమీటర్ల దగ్గర కోసే రంపం కావాలి, మామూలు వడ్రంగి రంపం గాటు దానికన్నా చాలా వెడల్పు. కంప్యూటర్‌లో గీసి ప్రింటు తీసుకుంటే, ప్రింటరు చెప్పకుండానే బొమ్మని కాస్త చిన్నది చేస్తుంది, కాగితం మీద స్టీలు స్కేలు పెట్టి 324 నిజంగా 324 ఉందో లేదో చూశాకే అంటించండి.

నెక్‌లో పనుల వరస ముఖ్యం. చెక్క నాలుగు ముఖాలూ మూలమట్టానికి సరిపోయి నిటారుగా ఉన్నప్పుడే, అంటే ఇంకా దీర్ఘచతురస్రంగా ఉన్నప్పుడే, ట్రస్ రాడ్ గాడి తొలిచేయాలి, ఎందుకంటే రౌటర్ ఆనుకుని నడవడానికి నిటారు అంచు కావాలి. ఈ రాడ్ ఎందుకు? 10 నంబరు తీగల సెట్టు (అన్నిటికన్నా సన్న తీగ మందం 0.010 అంగుళం) మామూలు శ్రుతిలో బిగిస్తే ఆరు తీగలూ కలిసి సుమారు 47 కిలోల బలంతో నెక్‌ని ముందుకి లాగుతాయి, రాత్రీ పగలూ. దాన్ని ఎదుర్కోవడానికి లోపల ఉక్కు కడ్డీ. రెండు వైపులా పనిచేసే రాడ్‌కి గాడి 6 మిల్లీమీటర్ల వెడల్పు, 9 లోతు ఉంటుంది సాధారణంగా. ఇప్పుడు లెక్క చూడండి: మొదటి ఫ్రెట్ దగ్గర నెక్ మొత్తం మందం 21, అందులో ఫ్రెట్‌బోర్డు 6 పోతే చెక్క 15, గాడి 9 పోతే వెనక మిగిలేది 6. నెక్ వెనక గుండ్రంగా చెక్కుతూ ఇంకొంచెం సన్నగా ఉంటే చేతికి బాగుంటుందని అనిపిస్తుంది, ఆకురాయి ఆగదు, ఆ 6 గుర్తు పెట్టుకోండి. గాడి తర్వాత ఫ్రెట్‌బోర్డు అంటించడం, ఆ తర్వాత నట్ దగ్గర 42, మడమ దగ్గర 56 మిల్లీమీటర్లు వచ్చేలా పక్కలు కోయడం, వెనక గుండ్రం చెక్కడం అన్నిటికన్నా చివర. జిగురు రాసి క్లాంపులు బిగించాక ఒక రోజంతా వదిలేయండి, నీళ్ళున్న జిగురుతో చెక్క కాస్త ఉబ్బి వంగుతుంది, ఆరాక తిరిగొస్తుంది.

బాడీ గురించి ఎక్కువ చెప్పను. ఎండీఎఫ్ షీటు మీద టెంప్లేటు కోసుకుని, దాన్ని ఉప్పు కాగితంతో నున్నగా చేసి, బేరింగ్ ఉన్న రౌటర్ బిట్టుతో దాని వెంట నడపండి, ఒక్కోసారి 3, 4 మిల్లీమీటర్ల కన్నా లోతుకి దిగొద్దు. గుంట మాత్రం నెక్‌కి బిగువుగా ఉండాలి, స్క్రూలు లేకుండా నెక్ పట్టుకుని ఎత్తితే బాడీ కూడా లేచేంత. బ్రిడ్జి స్క్రూ రంధ్రాలు వేసే ముందు నట్ రెండు చివర్ల గాట్ల నుంచి బ్రిడ్జి రెండు చివరి శాడిళ్ళ (బ్రిడ్జి మీద ఒక్కో తీగ ఆనే చిన్న ముక్కల) దాకా రెండు దారాలు లాగి కట్టండి. ఫ్రెట్‌బోర్డు రెండు అంచుల నుంచీ దారాలు సమాన దూరంలో ఉన్నాయా? ఉంటే గుర్తు పెట్టండి, లేకపోతే బ్రిడ్జిని జరపండి. ఇంకొకటి, తీగని ఫ్రెట్ మీద నొక్కినప్పుడు అది కాస్త సాగుతుంది, శ్రుతి కొంచెం పైకి పోతుంది, దాన్ని సరిచేయడానికి శాడిళ్ళు 648 కన్నా వెనక ఉండాలి, సన్న తీగకి ఒకటి రెండు మిల్లీమీటర్లు, లావు తీగకి నాలుగైదు. కాబట్టి శాడిల్‌ని దాదాపు పూర్తిగా ముందుకి తెచ్చి, అది 648 దగ్గర ఉండేలా బ్రిడ్జిని బిగించండి, వెనక్కి జరిపే చోటు మిగులుతుంది.

ఫ్రెట్లు కొట్టాక అన్నీ ఒకే ఎత్తులో ఉండవు, ఎవరు కొట్టినా ఉండవు. ట్రస్ రాడ్‌తో నెక్‌ని పూర్తిగా నిటారు చేసి, ఫ్రెట్ల నెత్తి మీద మార్కర్‌తో గీతలు పెట్టి, నిటారుగా ఉన్న లోహపు బద్దకి సన్న ఉప్పు కాగితం అంటించి నెక్ పొడవునా నెమ్మదిగా తోయండి. అన్ని ఫ్రెట్ల మీదా మార్కర్ రంగు చెరిగితే ఆపేయాలి. బల్లపరుపైన నెత్తిని తర్వాత ఆకురాయితో మళ్ళీ గుండ్రంగా చేయాలి, మార్కర్‌తో మళ్ళీ రంగు వేసి, మధ్యలో ఒక సన్న గీత మిగిలేదాకా. ఆ బద్ద నిజంగా నిటారుగా ఉందా అన్నది ఇంట్లో తేల్చుకోలేం, మంచి లేత్ షాపులో సర్ఫేస్ ప్లేట్ (కచ్చితంగా చదునైన పలక) మీద పెట్టి చూపించుకోండి. ఈ పనికి ఒక పూట పడుతుంది, గిటార్ వాయించడానికి హాయిగా ఉందా లేదా అన్నది ఎక్కువగా ఇక్కడే తేలుతుంది.

వైరింగ్ సులువు. ఒకే కాయిల్ ఉన్న సింగిల్ కాయిల్ పికప్‌కి 250 కిలో ఓముల పాట్లు (శబ్దం, టోన్ తిప్పే నాబ్‌ల కింద ఉండేవి), రెండు కాయిళ్ళ హంబకర్ పికప్‌కి 500, టోన్‌కి 0.022 లేదా 0.047 మైక్రోఫారడ్ కెపాసిటరు. ఇవి కోఠీ గుజరాతీ గల్లీ లాంటి చోట్ల దొరికిపోతాయి. లోపలి గుంటలకి రాగి రేకు టేపు అంటించి గ్రౌండుకి కలపండి, మన కరెంటు 50 హెర్ట్జ్ గుయ్యిమనడం కొంత తగ్గుతుంది. బ్రిడ్జి కింద నుంచి కూడా ఒక వైరు గ్రౌండుకి రావాలి.

ఆ వైరు గురించి కాసేపు ఆగుతాను. దానివల్ల మీ గిటార్ తీగలు కేబుల్ ద్వారా ఆంప్లిఫయర్ ఛాసిస్‌కి, అక్కడి నుంచి మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్నుకి కలిసి ఉంటాయి. ఎర్తు సరిగ్గా ఉంటే మిమ్మల్ని కాపాడేది అదే. కానీ మన ఇళ్ళలో ఎన్నో చోట్ల సాకెట్టులో మూడో రంధ్రం ఉంటుంది, వెనక వైరు ఉండదు. ఆంప్లిఫయర్‌లో ఏదైనా లోపం వచ్చి ఛాసిస్‌కి కరెంటు వస్తే, తీగలకి వస్తుంది, తీగల మీద మీ చేతులున్నాయి. 1972లో స్టోన్ ది క్రోస్ అనే స్కాట్లండ్ బ్యాండు గిటారిస్టు లెస్ హార్వీ, వేల్స్‌లోని స్వాన్సీలో వేదిక మీద, ఎర్తు సరిగ్గా లేని మైకు ముట్టుకుని షాక్ కొట్టి చనిపోయాడు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తు చూపించండి, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) పెట్టించండి, రెండు పిన్నుల అడాప్టర్‌తో ఆంప్లిఫయర్ నడపొద్దు. పిల్లలు గిటార్ చేస్తున్న ఇంట్లో అమ్మానాన్నలు దీన్ని స్వయంగా చూసుకోవాలి.

తీగలు బిగించాక సర్దుబాటుకీ ఒక వరస ఉంది. ముందు శ్రుతి చేయండి. తర్వాత మొదటి ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి, లావు తీగని చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి, ఏడో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూడండి, రెండు ఎ4 కాగితాల మందం, అంటే 0.2 మిల్లీమీటర్లు ఉంటే చాలు. ఎక్కువుంటే ట్రస్ రాడ్ నట్టు పావు చుట్టు బిగించి, మళ్ళీ శ్రుతి చేసి, మళ్ళీ చూడాలి. ఆ తర్వాత నట్ గాట్ల లోతు, ఆ తర్వాత శాడిళ్ళ ఎత్తు, చివరగా పన్నెండో ఫ్రెట్ దగ్గర శ్రుతి. వానాకాలంలో, ఎండాకాలంలో ఇది మళ్ళీ చేయాల్సి వస్తుంది. చెక్క పొడవునా దాదాపు మారదు, అడ్డంగా మారుతుంది, అందుకే స్కేల్ లెంగ్త్‌కి ఏమీ కాదు కానీ ఎండలకి ఫ్రెట్‌బోర్డు కుంచించుకుని ఫ్రెట్ల చివర్లు చేతికి గుచ్చుకుంటాయి. అప్పుడు చివర్లు ఆకురాయితో సరిచేస్తే సరిపోతుంది.

ఇక మీరు అడగండి.

ప్రశ్న: అన్నా, నేను కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాను. గమకాలు వాయించాలంటే గిటార్‌లో ఏమైనా మార్చాలా?

చాలా మంచి ప్రశ్న తమ్ముడూ. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. గమకానికి వాద్యాన్ని మార్చుకోవడమంటే ఏంటో ఆయన్ని వింటే తెలుస్తుంది. గిటార్‌లో అయితే నువ్వు మూడు పనులు చెయ్యి. ఎత్తయిన ఫ్రెట్లు పెట్టు, 1.4 మిల్లీమీటర్ల దగ్గరవి, వేలు చెక్కకి రాసుకోకుండా తీగ పక్కకి జరుగుతుంది. 9 నంబరు తీగలు వాడు. ఫ్రెట్‌బోర్డు గుండ్రం తక్కువగా ఉంచు, 12 అంగుళాల రేడియస్ కన్నా చదునుగా. పాత ఫెండర్లలా 7.25 అంగుళాల గుండ్రం ఉంటే, తీగ ఫ్రెట్లకి బాగా దగ్గరగా ఉన్నప్పుడు పక్కకి లాగగానే పై ఫ్రెట్‌కి తగిలి స్వరం ఆగిపోతుంది. ఫ్రెట్ల మధ్య చెక్కని గుంటలుగా తొలిచే పద్ధతి కూడా ఉంది, 1970లలో శక్తి బృందంలో జాన్ మెక్‌లాఫ్లిన్ అలాంటి గిటార్ వాయించారు. అది తర్వాతి గిటార్‌కి ఉంచుకో, గట్టిగా నొక్కే అలవాటుంటే దాని మీద ప్రతి స్వరం శ్రుతి తప్పుతుంది.

ప్రశ్న: పికప్ ఇంట్లో చుట్టుకోవచ్చా సార్? మా నాన్నగారిది మోటార్ వైండింగ్ షాపు.

అయితే నీకు చుట్టే మెషిను, కౌంటరు ఇంట్లోనే ఉన్నాయి కదమ్మా. మోటార్లకి వాడే వైరు మాత్రం దీనికి చాలా లావు. పికప్‌కి అమెరికా వైరు కొలత ఏడబ్ల్యూజీలో 42 నంబరు కావాలి, 0.063 మిల్లీమీటర్లు, మన షాపుల్లో వాడే ఎస్‌డబ్ల్యూజీ లెక్కలో 46కి దగ్గర. సింగిల్ కాయిల్‌కి సుమారు 8,000 చుట్లు, మల్టీమీటర్‌లో 6 కిలో ఓముల దగ్గర చూపిస్తుంది. మెషిను వేగం బాగా తగ్గించు, వైరుని వేళ్ళ మధ్య దూది గుడ్డతో పట్టుకుంటే తెగదు. చుట్టాక కరిగిన మైనంలో ముంచాలి, లేకపోతే పెద్ద శబ్దంలో కూత పెడుతుంది. ఆ మైనాన్ని నేరుగా పొయ్యి మీద పెట్టొద్దు, వేడినీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించు, మంట అంటుకునే వస్తువది.

ప్రశ్న: మేము అపార్ట్‌మెంటులో ఉంటాం. రౌటర్ పెడితే పక్కవాళ్ళు ఊరుకోరు.

ఊరుకోకపోవడం న్యాయమే, ఆ శబ్దం, ఆ పొడి అలాంటివి. బాడీ అవుట్‌లైను, పికప్ గుంటలు, ట్రస్ రాడ్ గాడి, ఈ మూడూ డ్రాయింగుతో సహా రౌటర్ ఉన్న వడ్రంగి దగ్గరికో సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే కోత మెషిను) షాపుకో తీసుకెళ్ళి, పక్కనే నిలబడి చేయించుకోండి. కొలతలు మీరే గీసి, కోసే ముందు మీరే మళ్ళీ కొలవండి. మిగతాది, నెక్ వెనక చెక్కడం, ఫ్రెట్లు కొట్టడం, లెవెల్ చేయడం, పాలిష్, వైరింగ్, అన్నీ బాల్కనీలో చిన్న టేబుల్, రెండు క్లాంపులు ఉంటే అయిపోతాయి. పాలిష్‌కి స్పిరిట్‌లో లక్క కరిగించి గుడ్డతో రుద్దండి, స్ప్రే గన్ అవసరం లేదు, గాలాడే చోట మంట దూరంగా ఉంచి చేయండి.

టైమైందని చెయ్యి చూపిస్తున్నారు. ఈ టేబుల్ మీద రెండు నెక్‌లు పెట్టాను, ఒకదాని ఫ్రెట్లు లెవెల్ చేసినవి, రెండోదానివి ఇంకా చేయలేదు, పక్కన స్టీలు స్కేలు, మార్కర్ ఉన్నాయి. ఐదేసి మంది వచ్చి స్కేలు పెట్టి చూడండి. ఏ ఫ్రెట్ ఎత్తుగా ఉందో మీరే మార్కర్‌తో గుర్తు పెట్టండి, రేపు అవే గుర్తుల మీద లెవెల్ చేస్తాను.